తుడిచినా పోని మసక: పాత మోటర్‌హోమ్ రంగు కిటికీల మరమ్మతు

లోపలి నుంచి తుడిస్తే పోదు. బయట నిచ్చెన వేసుకుని తుడిచినా పోదు. తెల్లవారుజామున దట్టంగా కమ్ముకుని, మధ్యాహ్నపు ఎండకు కాస్త పల్చబడి, పొద్దు గూకేసరికి మళ్లీ వచ్చేస్తుంది. అమెరికాలో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి మోటర్‌హోమ్, అంటే పడకలూ వంటగదీ ఉన్న ఇల్లులాంటి బండి, కొన్నవాళ్లు ఇంజను చూసుకుంటారు, టైర్లు చూసుకుంటారు, పైకప్పు కారుతుందేమో చూసుకుంటారు. కిటికీల సంగతి మొదటి చలి రాత్రి గడిచాక గానీ తెలియదు.

తెలుగువాళ్లకు ఈ దృశ్యం కొత్తదేమీ కాదు. ఏసీ పెట్టెలో కూర్చుని, రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన వచ్చిందని ఆత్రంగా కిటికీ వైపు తిరిగితే, రెండు అద్దాల మధ్య పాలు ఒలికినట్టు తెల్లటి పొర తప్ప మరేమీ కనపడని అనుభవం చాలామందికి ఉంటుంది. రైలు పెట్టెదీ మోటర్‌హోమ్‌దీ ఒకటే జబ్బు. మసక అద్దం మీద లేదు, అద్దాల నడుమ ఉంది. గుడ్డ అందని చోట ఉంది కాబట్టే దీన్ని కడిగి వదిలించుకోలేం. కిటికీ మొత్తం మార్చాల్సిందేనని చెప్పే దుకాణాలు ఉన్నాయి. చిన్న రంధ్రం పెడితే ఆరిపోతుందనే సలహాలూ ఉన్నాయి. ఈ రెంటిలో మొదటిది చాలాసార్లు అనవసరం, రెండోది ప్రమాదం. ఎందుకో తెలియాలంటే ఆ రెండు అద్దాల మధ్య ఏముందో ముందు చూడాలి.

గుళికలు నిండిన రోజు

జోడు అద్దం అంటే రెండు గాజు పలకలు, వాటి అంచుల వెంట చుట్టూ ఒక బోలు అల్యూమినియం పట్టీ, మధ్యలో బంధించిన పొడి గాలి. ఇలా అంచులు మూసి గాలిని బంధించే ఆలోచనకు అమెరికాలో టి.డి. స్టెట్సన్ అనే ఆయన 1865లోనే పేటెంట్ పొందారు. అప్పటికీ ఇప్పటికీ సూత్రం మారలేదు, అంచులు మూసే పద్ధతే మెరుగైంది. స్పేసర్ అని పిలిచే ఆ బోలు పట్టీ కడుపులో ఆవగింజల్లాంటి గుళికలు పోసి ఉంటాయి. కొత్త చెప్పుల పెట్టెలో కనిపించే చిన్న పొట్లంలో ఉండే సరుకుకు ఇవి దగ్గరి చుట్టాలు, కానీ పనితనంలో చాలా మెరుగు. మాలిక్యులర్ సీవ్ అనే ఈ గుళికల్లోని సూక్ష్మ రంధ్రాల వెడల్పు సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). నీటి అణువు అందులో దూరుతుంది, నైట్రోజన్ అణువు దూరలేదు. అందుకే అవి గాలిని వదిలేసి చెమ్మను మాత్రమే పట్టుకుంటాయి. తమ బరువులో దాదాపు ఐదో వంతు నీటిని దాచుకోగలవు.

స్పేసర్‌కూ గాజుకూ మధ్య రెండు వరసల సీలు ఉంటుంది. లోపలి వరస బ్యుటైల్, నల్లగా జిగటగా ఉండే రబ్బరు లాంటి పదార్థం. ఆవిరిని ఆపేది ఇదే. బయటి వరస పాలీసల్ఫైడ్, పాలీయురెథేన్ లేదా సిలికోన్. ఇది పలకలను గట్టిగా పట్టి ఉంచుతుంది, ఆవిరిని ఆపడం దీని మొదటి పని కాదు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవలసినది. సొంతంగా చేసుకునే మరమ్మతుల్లో చాలా వాటిని దెబ్బతీసేది దీన్ని మరచిపోవడమే.

ఎంత మంచి సీలైనా ఆవిరిని నూటికి నూరు పాళ్లూ ఆపలేదు. ఏటా కొద్ది కొద్దిగా చెమ్మ లోపలికి జారుతూనే ఉంటుంది, గుళికలు దాన్ని తాగుతూనే ఉంటాయి. ఆ ఏళ్లన్నీ కిటికీ నిగనిగలాడుతూనే కనపడుతుంది. గుళికలు నిండాక వచ్చిన చెమ్మ మాత్రం గాలిలోనే తిరుగుతుంది, గాజు చల్లబడగానే దాని మీద బొట్లు కడుతుంది. కొత్తగా తయారైన జోడు అద్దాలకు అమెరికాలో పెట్టే ఏఎస్‌టీఎం ఈ2190 పరీక్షలో, కఠినమైన ఎండ, చలి, తేమ వరసగా తగిలిన తరువాత కూడా లోపలి గాలి మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడితే గానీ మంచు పట్టకూడదు. అంత పొడిగా బతుకు మొదలుపెట్టిన గాలి, 15 డిగ్రీల పొద్దుటి చలికే చెమర్చే స్థితికి వచ్చిందంటే సీలు లోపం చాలా కాలం కిందటే మొదలైందన్నమాట.

కొండలెక్కే కిటికీ

ఇంటి కిటికీ పుట్టిన చోటే ఉంటుంది. మోటర్‌హోమ్ కిటికీ అలా కాదు. హ్యూస్టన్, డల్లాస్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో కొలరాడో వైపు బండి కట్టే దారినే తీసుకుంటే, హ్యూస్టన్ దాదాపు సముద్ర మట్టాన ఉంది. డెన్వర్ దాటాక ఇంటర్‌స్టేట్ 70 మీద వచ్చే ఐసెన్‌హోవర్ సొరంగం ఉన్నది 3,400 మీటర్ల ఎత్తున. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టపు ఒత్తిడిలో దాదాపు మూడింట రెండు వంతులే. అద్దాల మధ్య బందీ అయిన గాలి మాత్రం కింద ఉన్నప్పటి ఒత్తిడితోనే ఉంటుంది. గాజు అసలు వంగదనుకుంటే, చదరపు మీటరుకు మూడు టన్నులకు పైగా బరువు లోపలి నుంచి బయటికి తోస్తున్నట్టు లెక్క. నిజానికి గాజు ఉబ్బుతుంది, ఉబ్బి ఆ ఒత్తిడిలో చాలా భాగాన్ని తగ్గించుకుంటుంది. అలా ఉబ్బిన ప్రతిసారీ అంచుల్లోని సీలు సాగుతుంది, కొండ దిగగానే నలుగుతుంది. పెద్ద కిటికీల్లో గాజు తేలిగ్గా వంగుతుంది. బాత్రూము దగ్గరుండే ఇరుకు కిటికీల్లాంటి చోట గాజు వంగదు కాబట్టి ఆ భారం ఎక్కువగా సీలే మోయాలి.

ఎత్తైన ఊళ్లలో ఇళ్లకు పంపే జోడు అద్దాల్లో సన్నని లోహపు గొట్టం ఒకటి పెట్టి, లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానమయ్యేలా చేసే పద్ధతి ఉంది. ఒక్కసారి కొండెక్కి అక్కడే స్థిరపడే అద్దానికి అది సరిపోతుంది. వారానికోసారి ఎక్కి దిగే బండికి అదే గొట్టం చెమ్మను లోపలికి లాగే దారి అవుతుంది.

దీనికి రంగు తోడవుతుంది. ముదురు బూడిద రంగు, కంచు రంగు గాజు ఎండను ఆపేది దాన్ని తనలోకి పీల్చుకునే. పీల్చిన వేడి గాజులో ఉంటుంది, గాజు నుంచి సీలుకు పాకుతుంది. తెల్ల గాజు కిటికీతో పోలిస్తే రంగు కిటికీ అంచులు రోజూ ఎక్కువ కాగి ఎక్కువ చల్లారుతాయి. పొద్దున 10 డిగ్రీలున్న లోపలి గాలి మధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరితే, ఆ కాస్త చోటులో ఒత్తిడి 17, 18 శాతం పెరుగుతుంది. ఎక్కడికీ కదలకుండా పెరట్లో నిలబెట్టిన బండి కిటికీ కూడా ఈ విధంగా రోజుకోసారి ఉబ్బి తగ్గుతుంది. వాడకం తక్కువ కాబట్టి కిటికీలు బాగుంటాయని పాత బండ్ల అమ్మకాల్లో వినిపించే మాటను అందుకే పూర్తిగా నమ్మనక్కరలేదు. ఎండలో పదేళ్లు నిలబడ్డ బండి కన్నా నీడలో నిలుస్తూ తిరిగిన బండి కిటికీలే మెరుగ్గా ఉండవచ్చు.

ఇవన్నీ తప్పించుకోలేనివి. తప్పించుకోగలిగినది ఒకటుంది, నిలవ నీరు. జరిగే కిటికీల కింది గాడిలో నూగు పట్టీ ఉంటుంది, దాని కింద ఫ్రేముకు బయటి వైపు నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఆకు పొడి, దుమ్ము, చచ్చిన పురుగులతో ఆ రంధ్రాలు పూడుకుపోతే వాన నీరు గాడిలోనే నిలుస్తుంది, జోడు అద్దం కింది అంచు రోజుల తరబడి నీళ్లలో నానుతుంది. నీళ్లలో నానేందుకు చేసిన సీలు కాదది. మసక పట్టిన కిటికీల్లో చాలా వాటికి చెమ్మ కింది అంచు నుంచే మొదలవడం ఊరికే జరగదు. ఇంకా బాధ కలిగించే సంగతి, కారుతున్న కిటికీని ఆపాలని ఫ్రేము చుట్టూ బయట దట్టంగా సిలికోన్ పూసి, ఆ పూతలో ఈ రంధ్రాలను కూడా మూసేయడం. లోపలికి కారడం ఆగినట్టే ఉంటుంది. ఆ నీరు మాత్రం ఫ్రేములోనే కూర్చుని అద్దాన్ని తినేస్తుంది. కిటికీ మార్చాక కూడా ఈ రంధ్రాలను తెరవకపోతే కొత్త అద్దానికీ అదే గతి.

ఏది మసక, ఏది పుండు

పని మొదలుపెట్టే ముందు మసక ఏ రకందో తేల్చుకోవాలి. పైకి ఒకేలా కనపడేవి మూడు ఉంటాయి.

మొదటిది చెమ్మ. ఉదయం ఎక్కువ, ఎండకు తక్కువ, కొన్నిసార్లు బొట్లుగా కిందికి జారిన చారలు. ఇంకా బయటపడని కిటికీలను కూడా ముందే పట్టుకోవచ్చు. ఐసు పొట్లాన్ని పలచటి గుడ్డలో చుట్టి లోపలి పలక మీద కొన్ని నిమిషాలు ఆనించి, తీసి, ఆ చోట పైన పట్టిన తడిని తుడిచి చూస్తే, అద్దాల నడుమ గుండ్రంగా మసక మచ్చ కనపడితే ఆ కిటికీ గుళికలు నిండినట్టే. పాత బండి కొనేముందు ప్రతి కిటికీకీ ఈ పరీక్ష చేయడం అరగంట పని.

రెండోది గాజుకు పట్టిన తెగులు. మామూలు గాజులో 70 శాతానికి పైగా ఇసుక, అంటే సిలికా, 12 నుంచి 16 శాతం దాకా సోడియం ఆక్సైడ్ ఉంటాయి. పలుచటి నీటి పొర గాజు మీద కదలకుండా నిలిచిపోతే సోడియం మెల్లగా ఆ నీటిలోకి దిగుతుంది. బయటైతే వాన కడిగేస్తుంది. మూసిన సందులో కడిగే నీరు లేదు. ఆ పొర క్షారంగా మారి, ఘాటు ముదిరాక సిలికాను కూడా కొరకడం మొదలుపెడుతుంది. అప్పుడు మిగిలేది మధ్యాహ్నపు ఎండకు కూడా పోని తెల్లటి గరుకు మచ్చ. తొలి దశలో అయితే సీరియం ఆక్సైడ్ పొడితో రుద్ది చాలావరకు నునుపు చేయవచ్చు. ముదిరితే ఆ పలక పనికి రాదు. మసక కనపడిన ఏడాదిలో విప్పిన కిటికీకీ, అయిదేళ్లు వదిలేసిన కిటికీకీ ఖర్చులో వచ్చే తేడా ఇక్కడే పుడుతుంది. వాయిదా వేసిన కొద్దీ మరమ్మతు కాస్తా మార్పిడి అవుతుంది.

మూడోది అద్దానిది కానే కాదు, దాని మీద అతికించిన ఫిల్మ్‌ది. చవక రంగు ఫిల్మ్ ఏళ్ల ఎండకు ఊదా రంగుకు తిరుగుతుంది, బుడగలు లేస్తుంది, జిగురు పాలిపోతుంది. గోటితో మూలన గీకితే తెలిసిపోతుంది. ఫిల్మ్ తీయడానికి ఆవిరి, సబ్బు నీళ్లు, ఓపిక చాలు. గట్టి బ్లేడుతో గీకాలనే తొందర మాత్రం వద్దు. టెంపర్డ్ గాజు, అంటే కొలిమిలో కాల్చి గట్టిపరచిన గాజు మీద, అక్కడ అంటుకున్న కంటికి కనపడని రేణువులు ఉండవచ్చు, బ్లేడు వాటిని ఈడ్చుకెళ్లి పలక పొడవునా గీతలు పెడుతుంది.

ముందు గాజుది వేరే లెక్క. అది రెండు పొరలను మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించిన లామినేటెడ్ గాజు. దాని అంచుల్లో పాలలా తెల్లబడితే పొరలు విడిపోతున్నాయని అర్థం, దాన్ని విప్పి బాగుచేసే మార్గం లేదు. యూరప్ బండ్లలో ఎక్కువగా కనిపించే యాక్రిలిక్ (గాజులా కనపడే ప్లాస్టిక్) కిటికీలది మరో లెక్క. వాటికి మూలల్లో చిన్న బిరడాలుంటాయి. బిరడా తీసి పొడి గదిలో కొన్నాళ్లుంచితే చాలాసార్లు చెమ్మ ఆరిపోతుంది. యాక్రిలిక్‌ను అమోనియా, ఆల్కహాలు ఉన్న క్లీనర్లతో తుడిస్తే సన్నని పగుళ్లు బారుతుంది, అది మటుకు తిరిగి బాగుపడదు.

రంధ్రం సలహా

ఇళ్ల కిటికీలకు ఒక మూల సన్నని రంధ్రం తొలిచి, లోపల కడిగి, ఆరబెట్టి, చిన్న మూత పెట్టే సేవలున్నాయి. అవి మామూలు గాజు మీద పనిచేస్తాయి. మోటర్‌హోమ్ పక్క కిటికీల్లో సాధారణంగా ఉండేది టెంపర్డ్ గాజు. 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టి చేసిన ఈ గాజు పైపొరలో కనీసం 69 మెగాపాస్కల్‌ల నొక్కుడు ఎప్పుడూ బిగిసి ఉంటుంది. దానికి బలం ఇచ్చేది ఆ నొక్కుడే. డ్రిల్లు మొన ఆ పొరను దాటగానే పలకంతా ఒక్క క్షణంలో జొన్న గింజలంత ముక్కలవుతుంది. కోత, రంధ్రం, మూలల గుండ్రం అన్నీ కొలిమిలోకి వెళ్లకముందే జరగాలి. టెంపర్డ్ గాజును ఎవరూ తరువాత కోయలేరు. అప్పటికప్పుడు ముక్క కోసి పెట్టేస్తామని ఏ దుకాణమైనా చెబితే అక్కడ ఇచ్చేది టెంపర్డ్ గాజు కాదు, బండికి పెట్టవలసినదీ కాదు.

అంచున స్పేసర్‌లోంచి దారి చేసి పొడి గాలి ఊదే పద్ధతి కూడా కొందరు పాటిస్తారు. ప్రయాణం మధ్యలో పది రోజులు గట్టెక్కడానికి అది పనికొస్తుంది. గుళికలు నిండే ఉన్నాయి కాబట్టి మసక మళ్లీ వస్తుంది.

విప్పి, శుభ్రం చేసి, మళ్లీ మూయడం

గాజుకు తెగులు పట్టకపోతే అన్నిటికన్నా మేలైన దారి ఇదే. పాత బండి విషయంలో ఈ మాట మరింత నొక్కి చెప్పాలి. 2009 మార్చిలో మోటర్‌హోమ్‌లు తయారుచేసే మొనాకో కోచ్, ఫ్లీట్‌వుడ్ సంస్థలు రెండూ రోజుల తేడాతో దివాలా రక్షణ కోరాయి. ఆ కాలపు పెద్ద బండ్లలో చాలా వాటికి ఆనాటి కొలతలతో, ఆనాటి రంగుతో కిటికీలు ఇచ్చే దిక్కు లేదు. ఉన్న గాజును కాపాడుకోవడమే బండి రూపాన్ని కాపాడుకోవడం.

కిటికీ ఊడదీయడం అంత కష్టమైన పని కాదు, జాగ్రత్త కావలసిన పని. లోపలి వైపు గోడను, కిటికీని కలిపి బిగించే చట్రం ఒకటుంది, దాన్ని క్లాంప్ రింగ్ అంటారు. దాని చుట్టూ స్క్రూలు తీసి చట్రాన్ని తప్పిస్తే, బయట గోడకు కిటికీ అంచును పట్టి ఉంచేది బ్యుటైల్ టేపు ఒక్కటే. లోపల ఒకరు మెల్లగా తోయాలి, బయట ఒకరు పట్టుకోవాలి. గాజు బరువు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. 90 సెంటీమీటర్లకు 60 సెంటీమీటర్ల కిటికీలో 4 మిల్లీమీటర్ల పలకలు రెండుంటే గాజే 11 కిలోలకు దగ్గర, ఫ్రేము అదనం. నిచ్చెన మీద ఒంటరిగా చేసే పని కాదది. టెంపర్డ్ గాజు ముఖం మీద దెబ్బ తట్టుకుంటుంది గానీ అంచు మీద చిన్న తాకిడి తట్టుకోదు. కాబట్టి సిమెంటు నేల మీద నిలబెట్టకుండా మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

కిటికీ తీశాక గోడ ఖాళీలో చేయి పెట్టి చూడటం అసలు మరచిపోకూడదు. చెక్క మెత్తబడిందా, నల్లబడిందా, బయటి ఫైబర్‌గ్లాస్ పొర కిటికీ కింద ఉబ్బి ఉందా అని చూడాలి. ఆ సంగతి తేలకుండా అద్దం మీద డబ్బు పెట్టడం పునాది చూడకుండా గోడకు సున్నం వేయడం లాంటిది.

ఆపై ఫ్రేము విప్పి జోడు అద్దాన్ని బయటికి తీసి, సన్నని తీగతోనో పల్చటి కత్తితోనో బ్యుటైల్‌ను కోసి పలకలను విడదీస్తారు. పాత సీలు, స్పేసర్, గుళికలు అన్నీ పారేయాలి. పలకల లోపలి ముఖాలను మచ్చ లేకుండా కడగాలి. మూశాక లోపల మిగిలిన ఒక్క వేలిముద్ర కిటికీ ఉన్నంత కాలం ఉంటుంది. కొత్త స్పేసర్‌లో గుళికలు తాజావై ఉండాలి. తెరచిన డబ్బాలోని గుళికలు ముసురు రోజు గాలి తగిలితే కొద్ది గంటల్లోనే బలం కోల్పోతాయి, అందుకే ఈ పని పొడి రోజున మొదలుపెట్టి ఆ రోజే మూయాలి. ముందు బ్యుటైల్, దాని బయట పాలీసల్ఫైడ్ లాంటి రెండో సీలు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. వాననీటిని సిలికోన్ అద్భుతంగా ఆపుతుంది కదా అని దాన్ని ఒక్కటే పూసి మూసేస్తారు. నీరు ఆగుతుంది, ఆవిరి మాత్రం సిలికోన్‌లోంచి తేలిగ్గా దాటుతుంది. కొన్ని నెలలకే మసక తిరిగొస్తే పని చేసినవాళ్ల మనసు ఎంత విరిగిపోతుందో చెప్పనక్కరలేదు. బ్యుటైల్ వరస లేని జోడు అద్దం జోడు అద్దమే కాదు. అలాగే పాత జిగురు వదిలించడానికి మినరల్ స్పిరిట్స్ వంటి ద్రావకాలు వాడితే వాటి జాడ లేకుండా తుడవాలి, అవి కొత్త బ్యుటైల్‌ను కూడా మెత్తబరుస్తాయి.

మోటర్‌హోమ్ కిటికీల మూలలు గుండ్రంగా ఉంటాయి. స్పేసర్‌ను ఆ వంపుకు సరిగ్గా వంచాలి. ఇంటి కిటికీలు చేసే దుకాణాలు ఈ పని వద్దనడానికి పెద్ద కారణం అదే. ఇందుకే మోటర్‌హోమ్ అద్దాలను మాత్రమే విప్పి మూసే పనివాళ్లు అమెరికాలో ప్రత్యేకంగా ఉన్నారు. కిటికీ ఊడదీసి వాళ్లకు అప్పగించి, ఖాళీని కొన్నాళ్లు ప్లైవుడ్‌తో మూసుకునే యజమానులు చాలామంది. ఊడదీయడం, బిగించడం సొంతంగా, మూయడం పనివాళ్లచేత అనే ఈ పంపకం తెలివైనది.

రంగు కలవడం

కొత్త పలక చేయించక తప్పనప్పుడు అసలు చిక్కు రంగు. మోటర్‌హోమ్ జోడు అద్దాల్లో సాధారణంగా బయటి పలక రంగుది, లోపలి పలక తెల్లది. రంగు పైపూత కాదు, గాజు కరిగిన దశలోనే ఇనుము, కోబాల్టు, సెలీనియం లాంటివి కలిపి తెచ్చినది. తెగులు లోపలి తెల్ల పలకకే ముదిరి ఉంటే అదృష్టమే. దాన్ని ఒక్కదాన్ని కొత్తది చేయించి, పాత రంగు పలకతో జత కట్టవచ్చు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. విడదీశాక గానీ ఏ పలక ఎంత చెడిందో తేలదు కాబట్టి, విప్పకముందే కొత్త కిటికీకి డబ్బు కట్టడం తొందరపాటు.

రంగు పలకే పోతే నమూనా పట్టుకెళ్లి సరిపోల్చాలి, మందాన్ని కూడా కొలిచి చెప్పాలి. ఒకే గాజు అయినా మందం మారితే చీకటి మారుతుంది. 3 మిల్లీమీటర్ల గాజులోంచి 40 శాతం వెలుగు వస్తుందనుకుంటే, ఉపరితలం వెనక్కి పంపే కాంతిని పక్కన పెడితే, అదే గాజు 6 మిల్లీమీటర్లయినప్పుడు వచ్చేది 16 శాతమే. ఒకే వైపు వరసలో ఉన్న కిటికీల్లో ఒకటి ఇలా ముదిరితే ఆమడ దూరం నుంచి తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా ఉంది. అమెరికాలో వాహనాల గాజుకు ఫెడరల్ ప్రమాణం 205 వర్తిస్తుంది. డ్రైవరుకు చూపు అవసరమైన కిటికీల్లోంచి కనీసం 70 శాతం వెలుగు రావాలి. వెనక నివాస భాగానికి ముదురు రంగు పెట్టుకోవచ్చు. ప్రతి పలక మూలన చెక్కిన ముద్రలో అమెరికా రవాణా శాఖను సూచించే డీఓటీ అనే అక్షరాలు, తయారీదారు సంఖ్య, ఏఎస్-2, ఏఎస్-3 లాంటి తరగతి ఉంటాయి. 70 శాతం వెలుగునిచ్చేది ఏఎస్-2. ముదురు రంగుది ఏఎస్-3, ఇది డ్రైవరు పక్కన ఉండకూడదు. కొత్త పలకకు ఈ ముద్ర లేకపోతే తీసుకోకూడదు. ఫిల్మ్ అతికించే విషయంలో రాష్ట్రానికో నియమం ఉంది కాబట్టి ముందు వరస కిటికీల జోలికి ఫిల్మ్‌తో వెళ్లకపోవడమే క్షేమం.

ఏ కిటికీ ముందు

డబ్బు అందరి దగ్గరా ఒకేలా ఉండదు, పది కిటికీలూ ఒకేసారి బాగుచేయించడం చాలామందికి కుదరదు. అప్పుడు వరస ఉండాలి. డ్రైవరుకు కుడి, ఎడమ పక్కల ఉన్న కిటికీలు అన్నిటికన్నా ముందు. చాలా పెద్ద బండ్లలో అవి కూడా జోడు అద్దాలే. వెనక వచ్చే బండ్లను చూపే కుడి వైపు అద్దాన్ని (మిర్రర్‌ను) డ్రైవరు చూసేది కుడి కిటికీలోంచే. పన్నెండు మీటర్ల బండిని పక్క వరసలోకి తిప్పేటప్పుడు ఆ కిటికీ మసకగా ఉంటే పక్కన చిన్న కారు ఉన్నదీ లేనిదీ కనపడదు. పడకగది కిటికీ ఇంకో రెండేళ్లు మసకగా ఉన్నా ఎవరికీ ప్రాణం మీదికి రాదు. ఇది మాత్రం ఈ సీజనులోనే కావాలి.

తరువాతి ప్రశ్న జోడు అద్దమే కావాలా, ఒంటి పలక చాలదా అనేది. ఒంటి గాజు ఒక చదరపు మీటరులోంచి డిగ్రీకి దాదాపు 5.8 వాట్ల వేడిని వదులుతుంది, సన్నని సందు ఉన్న జోడు అద్దం 3.2కు అటూ ఇటూ. కిటికీలన్నీ కలిపి 5 చదరపు మీటర్లు, లోపలికీ బయటికీ తేడా 25 డిగ్రీలనుకుంటే, ఒంటి గాజుతో 725 వాట్లు, జోడు గాజుతో 400 వాట్లు. తేడా 325 వాట్లు. పైకప్పు మీది మామూలు ఏసీ సుమారు 4,000 వాట్ల వేడిని తోడేస్తుంది, దాని ముందు ఇది పెద్ద సంఖ్య కాదు. వేసవిలో మాత్రమే తిరిగేవాళ్లు రంగు టెంపర్డ్ ఒంటి పలక పెట్టించుకుంటే నష్టపోయేది కొంచెమే, మసక బెడద శాశ్వతంగా తీరుతుంది. ఫ్రేము గాడికి మందం సరిపడేలా రబ్బరు పట్టీ మార్చుకోవాలి, అంతే.

చలికాలంలో బండిలో ఉండేవాళ్ల లెక్క వేరు. బయట సున్నా, లోపల 20 డిగ్రీలు ఉన్న రాత్రి ఒంటి గాజు లోపలి ముఖం సుమారు 5 డిగ్రీలకు దిగుతుంది, జోడు అద్దానిది 11, 12 దగ్గర నిలుస్తుంది. సగం తేమ ఉన్న గది గాలి 9 డిగ్రీల దగ్గర చెమర్చడం మొదలుపెడుతుంది. అంటే ఒంటి గాజు రాత్రంతా కారుతుంది, ఆ నీరు కింది గోడలోకి, చెక్కలోకి దిగుతుంది. నలుగురు పడుకుని ఊపిరి వదిలే చిన్న చోటులో ఇది చిన్న విషయం కాదు. చలిలో జోడు అద్దం విలువ కరెంటు ఆదాలో కన్నా గోడ కుళ్లకుండా ఉండటంలో ఎక్కువ.

ఏ దారి ఎంచుకున్నా ఒక కిటికీని మాత్రం మూసి అతికించేయకూడదు. ఎర్ర పిడులున్న కిటికీ అగ్ని ప్రమాదంలో బయటపడే దారి, అమెరికా అగ్ని రక్షణ సంఘం రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 1192 ప్రమాణం అడిగే రెండో మార్గం. మరమ్మతు అయ్యాక అది పూర్తిగా తెరుచుకుంటోందా అని ఇంట్లో పిల్లల చేత కూడా తీయించి చూడాలి.

తిరిగి బిగించేటప్పుడు పాత బ్యుటైల్‌ను గోరంత కూడా మిగల్చకుండా గీకి, కొత్త టేపు చుట్టూ ఒకే ముక్కగా వేసి, దాని చివరల అతుకు కిటికీ పై అంచున కాకుండా కింద వచ్చేలా చూడాలి. స్క్రూలను ఒక్కదాన్ని పూర్తిగా బిగించేయకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. బయటికి ఉబికిన టేపును రెండు మూడు ఎండలు తగిలాక ప్లాస్టిక్ గరిటెతో కోస్తే శుభ్రంగా వస్తుంది. నీటి రంధ్రాల్లో సన్నని తీగ దూర్చి చూసి, గాడిలో ఒక గ్లాసు నీళ్లు పోయాలి. ఆ నీళ్లు బయటికి కారి గోడ మీద చార కట్టాలి. తరువాత కింది నుంచి మొదలుపెట్టి పైకి పైపు నీళ్లు కొడుతూ లోపల ఒకరు టార్చితో చూడాలి. వారం ఆగి మళ్లీ ఐసు పొట్లం పరీక్ష చేసి, మచ్చ కనపడకపోతే, మూసిన తేదీని ఫ్రేము లోపలి అంచున చెరగని సిరాతో రాసి పెట్టాలి.